డబ్బు కట్టే ముందు మీ తెలుగు బయటికి వస్తుందో లేదో చూసుకోండి

నేను ఏ నోట్స్ యాప్ గురించి రాస్తున్నానో ఇక్కడ చాలామందికి వెంటనే తెలిసిపోతుంది. మొన్నటిదాకా ప్రతి వీడియో మధ్యలో "మీ భాషలో రాసుకోండి" అంటూ వచ్చిన ప్రకటన దానిదే. పేరు రాయను. ఏడాది ప్లాన్ కట్టినవాళ్లు, కట్టబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి.

సిరిసిల్ల నేత కార్మికుల మీద నవల రాస్తున్నాను. సాంచెల (మరమగ్గాల) మీద బతుకంతా గడిపినవాళ్లు, సేట్ల దగ్గర నూలు తీసుకుని కూలికి బట్ట నేయించే ఆసాములు, నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు చెప్పిన మాటలన్నీ వాళ్ల యాసలోనే అందులో రాసిపెట్టుకున్నాను. వాళ్లలో ఒక పెద్దాయన ఇప్పుడు లేరు. పాత వెర్షన్లన్నీ భద్రంగా ఉంచుతామని ప్లాన్‌లో రాశారు, ఆ మాట చూసే డబ్బు కట్టాను.

గత వారం యాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. నోట్సును కొత్త ఫార్మాట్‌లోకి మారుస్తున్నామని చూపించి, చివర్లో పచ్చ టిక్కు పెట్టింది. తెరిస్తే అంకెలు, తేదీలు, ఇంగ్లిష్ ముక్కలు అలాగే ఉన్నాయి. తెలుగు ఉన్న చోటల్లా ప్రశ్నార్థకాలే. ల్యాప్‌టాప్ తీసేసరికి అక్కడికీ సింక్ అయిపోయింది. పాత వెర్షన్లు నొక్కితే వాటిలోనూ అవే.

ఇది ఎంత పెద్ద నిర్లక్ష్యమో తెలియాలంటే ఒక్క విషయం చెప్పాలి. తెలుగు అక్షరాల స్థానంలో పిచ్చి పిచ్చి లాటిన్ గుర్తులు వస్తే చాలాసార్లు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎందుకంటే అసలు బైట్లు, అంటే అక్షరాలకు కంప్యూటర్ దాచుకున్న అంకెలు, లోపల ఉంటాయి, చదివే పద్ధతే తప్పు. ప్రశ్నార్థకం వచ్చి అది సేవ్ అయిందంటే మాత్రం అక్షరం పోయినట్టే. అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. తెలుగు తెలియని ఎన్‌కోడింగ్‌లోకి మార్చినప్పుడు ప్రతి అక్షరాన్నీ చెరిపేసి అక్కడ ఆ గుర్తు పెడతారు. తెలుగు 1991 నుంచీ ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఉంది. విండోస్‌తో ఉచితంగా వచ్చే పాత నోట్‌ప్యాడ్ కూడా తెలుగు పట్టని ఆన్సి అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయబోతే "ఈ అక్షరాలు పోతాయి" అని ముందే హెచ్చరించేది. డబ్బు తీసుకున్న వీళ్లు ఆ ఒక్క హెచ్చరిక పెట్టలేదు.

సరే, తప్పు ఎవరికైనా జరుగుతుంది. సపోర్ట్ చాట్‌లో వాళ్లు మాట్లాడిన తీరును మాత్రం నేను క్షమించలేను. స్క్రీన్‌షాట్లు పంపాను, సర్వర్‌లో పాత బ్యాకప్ ఉంటే ఇవ్వమని బతిమాలాను. చాలాసేపటికి వచ్చిన జవాబు: "మేడమ్, మీ ఇంగ్లిష్ కంటెంట్ సేఫ్‌గానే ఉంది కదా?" నా నవల తెలుగులో ఉందని మళ్లీ చెప్పాను. "తెలుగు మా సపోర్టెడ్ లాంగ్వేజెస్ లిస్టులో లేదు మేడమ్. అవసరమైన నోట్స్ మళ్లీ టైప్ చేసుకోండి" అన్నారు. ప్రకటన తెలుగులో ఇచ్చి, డబ్బు తెలుగువాళ్ల దగ్గర తీసుకుని, ఇప్పుడు భాష లిస్టులో లేదా? చనిపోయిన మనిషి చెప్పిన మాటను నేను ఎవరిని అడిగి మళ్లీ టైప్ చేసుకోవాలి? ఆ మాటే రాస్తున్నాను, పంపేలోపే "మీ సమస్య పరిష్కారమైంది" అని టికెట్ మూసేశారు. ఆ కిందే మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగారు. చేతులు వణికాయి నాకు. పరిహారంగా ఇచ్చింది ఒక నెల ఉచితం.

కొంత దక్కింది. ఒక స్నేహితురాలు చదువుతానంటే మొదటి అధ్యాయాలు పీడీఎఫ్ చేసి పంపాను, అది ఆమె దగ్గర ఉంది. దానిలోంచి కాపీ చేస్తే వత్తులు, గుణింతాలు చెదిరిపోయి వస్తున్నాయి. కంటికి సరిగ్గా కనిపించే తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు ఇంతే. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోంచి అక్షరాలు గుర్తించి ఇస్తోంది, తప్పులు దిద్దుకుంటున్నాను. ముఖాముఖీల నోట్స్ మాత్రం పీడీఎఫ్ చేయలేదు.

మీరు ఏ యాప్ తీసుకున్నా, డబ్బు కట్టకముందే "క్షేత్రం, స్వాతంత్ర్యం, సాఫ్ట్‌వేర్" లాంటి మాటలతో ఒక పేరా రాసి, సాదా టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. పీడీఎఫ్ తప్ప ఇంకేమీ ఇవ్వని యాప్‌లో రాత పెట్టకండి. నేనిప్పుడు అబ్సిడియన్‌లో రాస్తున్నాను. అది నోట్సును మన కంప్యూటర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంచుతుంది, యాప్ తీసేసినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. జాప్లిన్ కూడా ఉచితమే, టెక్స్ట్‌గా బయటికి తీసుకోనిస్తుంది.

ఇప్పటికే ఆ యాప్ వాడుతుంటే ఇవాళే ఆటో అప్‌డేట్ ఆపేసి, నోట్స్ కాపీ చేసి బయట పెట్టుకోండి. ఆటో డెబిట్‌ను బ్యాంకు యాప్‌లోంచి రద్దు చేయండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను. మీకూ ఇలాగే జరిగితే మీరూ ఇవ్వండి. చాట్ నడుస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, టికెట్ మూసేశాక ఆ సంభాషణ మనకు కనిపించదు.