పర్లాకిమిడి చరిత్ర తరగతులు: మీర్ జుమ్లా వానలో చిక్కుకున్న రెండు ఆదివారాలు

పర్లాకిమిడిలో ఒక విశ్రాంత అధ్యాపకుడు తమ మేడ గదిలో నడుపుతున్న చరిత్ర తరగతులకు ఆరు ఆదివారాలు వెళ్లాను. మొత్తం రుసుము 600 రూపాయలు. ఒడియా మాధ్యమంలో చదువుకుని, తెలుగును ఇంటి మాటకే పరిమితం చేసుకున్న నాబోటి వారికి తెలుగులో చరిత్ర చెప్పేవారు దొరకడమే అరుదు. నాలుగు తరగతులు పరవాలేదనిపించాయి; మొగలుల సేనాపతి మీర్ జుమ్లా అస్సాం దండయాత్ర ఎందుకు నిలబడలేదో వివరించిన మిగతా రెండింటి కోసమే ఈ సమీక్ష రాస్తున్నాను.

గోల్కొండ వజీరుగా గండికోటను పట్టిన మీర్ జుమ్లాయే తరువాత మొగలుల కొలువులో చేరి, ఔరంగజేబు హయాంలో బెంగాల్ సుబేదారు, అంటే ఆ రాష్ట్ర పాలకుడు, అయ్యాడనీ, 1661 నవంబరులో ఢాకా నుంచి బయలుదేరి ముందు కూచ్ బిహార్‌నూ, 1662 మార్చిలో అస్సాంను ఏలుతున్న ఆహోంల రాజధాని గఢ్‌గావ్‌నూ ఆక్రమించాడనీ మేస్టారు పది నిమిషాల్లో ముగించారు. ఆహోం రాజు జయధ్వజ సింహుడు అప్పటికే తూర్పున ఉన్న నామ్‌రూప్ వైపు తప్పుకున్నాడు కనుక మొగలుల చేతికి చిక్కింది ఊరే తప్ప రాజ్యం కాదన్న మాటతో అసలు పాఠం మొదలైంది.

చెక్క పళ్లెంలో బంకమట్టితో బ్రహ్మపుత్ర లోయను మలిచి, గఢ్‌గావ్ ఉన్న చోట చింతగింజనూ, లఖౌ దగ్గర ఆగిపోయిన నౌకాదళానికి గుర్తుగా వేరుశనగ తొక్కలనూ పెట్టారు. రాజధాని దిఖౌ నది పక్కన ఉంది. పెద్ద పడవలు అక్కడిదాకా రాలేవు. చెంబుతో నీళ్లు పోయగానే చింతగింజ దీవిలా మిగిలింది, తొక్కలు మాత్రం కొట్టుకుపోయాయి. మేస్టారు నవ్వి, ‘నిజానికి పడవలు నిలిచాయి, దారే పోయింది’ అని సరిదిద్దుకున్నారు. వంశధార ఒడ్డున పొలమున్న ఒక పెద్దాయన లేచి, ‘అయితే మేస్టారూ, అన్ని గుర్రాలకు గడ్డి ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?’ అని అడిగారు. ఆ రెండు తరగతుల్లో నేను విన్న ప్రశ్నలన్నింటిలో అదే పదునైనది.

దానికి జవాబే ఆ వానాకాలపు కథ. ఆహోంలు ఎదురుపడి పోరాడకుండా, రాత్రిపూట మొగలుల ఠాణాల (కాపలా శిబిరాల) మీద పడి, తిండిగింజలు వచ్చే దారులను తెంచారు. విడివిడిగా ఉన్న ఠాణాలను ఎత్తివేసి సైన్యాన్ని గఢ్‌గావ్, మథురాపూర్‌లకు కుదించుకోవలసి వచ్చింది. మథురాపూర్‌లో జ్వరాలు ప్రబలాయి, చివరికి గుర్రాలను కోసుకుని తిన్నారు. వానలు తగ్గాక సరఫరా మళ్లీ సాగింది గానీ, సేనాపతికే జబ్బు చేసింది. 1663 జనవరిలో కుదిరిన సంధిలో బంగారం, వెండి, ఏనుగులు, పడమటి భూభాగం మొగలులకు దక్కాయి. రాజు తన కూతురిని కూడా పంపవలసి వచ్చింది. మార్చిలో మీర్ జుమ్లా ఢాకా చేరకుండానే చనిపోయాడు. 1667లో గౌహతి చేజారింది, 1671లో శరాయిఘాట్ వద్ద ఆహోం సేనాని లచిత్ బర్‌ఫుకన్ మొగలుల సేనాని రామ్‌సింగ్ దండును తిప్పికొట్టాడు, 1682తో ఆ ప్రాంతంలో మొగలుల ఆశ అడుగంటింది.

లోపాలు లేకపోలేదు. యుద్ధానికి వెళ్లినవాడి పొలాన్ని అతని జట్టులోని మిగతావారు దున్నే పైక్ విధానం ఆహోంలకు ఎంత బలమిచ్చిందో నాలుగు మాటల్లో దాటేశారు. నా దృష్టిలో వాన కన్నా అదే పెద్ద కారణం: వాన ఏటా వస్తుంది, వాన తగ్గేదాకా ఓర్చుకునే ఊళ్లు అన్ని రాజ్యాలకూ ఉండవు. చేతికిచ్చిన నోట్సులో గఢ్‌గావ్ పేరు మూడు రకాలుగా అచ్చయింది. ఇంగ్లీషు పుస్తకం చూసి దింపుకున్నట్టు తెలిసిపోతోంది.

చేరదలచినవారు సాయంత్రం అయిదింటికల్లా వెళ్లి ముందు చాప మీద చోటు చూసుకోవాలి. వెనుక వరుస నుంచి పళ్లెం కనబడదు, వరండాలో కూర్చుంటే మేస్టారి గొంతు కూడా సరిగా వినబడదు.