బర్మింగ్‌హామ్ ట్రిప్: రిక్‌వుడ్ ముందు, మ్యూజియం తర్వాత

అట్లాంటాలో మనవాళ్ళు లాంగ్ వీకెండ్ అనగానే స్మోకీస్ కొండలు అంటారు, లేదంటే డెస్టిన్ బీచ్ అంటారు. ఐ-20 మీద పడమటికి రెండున్నర గంటలు పోతే వచ్చే బర్మింగ్‌హామ్ ఎవరి లిస్టులోనూ ఉండదు. మా బాబాయ్ విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆయనకి క్రికెట్ పిచ్చి, బేస్‌బాల్ సంగతేంటో చూద్దాం పదరా అన్నారు, బయల్దేరాం. అలబామా సెంట్రల్ టైం కాబట్టి వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు అదే గంట పోతుంది, గుర్తుంచుకోండి.

నేనైతే ముందు రిక్‌వుడ్ ఫీల్డ్‌కే వెళ్ళమంటాను. 1910లో కట్టారు, అమెరికాలో ఇంకా నిలబడున్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ స్టేడియంలలో ఇదే పాతది. స్టాండ్ కప్పు మీద నుంచి గ్రౌండ్ వైపుకి ముందుకు పొడుచుకొచ్చిన పాత లైట్ టవర్లు చూస్తే మీద పడతాయేమో అనిపిస్తుంది. తెల్లవాళ్ళ టీం బారన్స్, నల్లవాళ్ళ టీం బ్లాక్ బారన్స్, రెండూ ఈ గ్రౌండ్‌లోనే ఆడేవి కానీ ఒకదానితో ఒకటి కాదు. తర్వాత బేస్‌బాల్ దిగ్గజమైన విల్లీ మేస్ 1948లో 17 ఏళ్ళకి, ఇంకా హైస్కూల్లో ఉండగానే, బ్లాక్ బారన్స్‌కి ఇక్కడే ఆడాడు. బారన్స్ మ్యాచ్‌కి నల్లవాళ్ళొస్తే రైట్ ఫీల్డ్ చివర కూర్చోవాలి. అటు వెళ్ళి ఓసారి నిలబడి చూడండి, బ్యాటర్ నిలబడే హోం ప్లేట్ ఎంత దూరమో తెలుస్తుంది. బాబాయ్ అక్కడే పాతకాలం దళిత బౌలర్ పల్వంకర్ బాలూ సంగతి ఎత్తారు, పూనాలో హిందువుల టీంకి ఆయన బౌలింగ్ కావాలి గానీ టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చేవాళ్ళట.

నల్ల ప్లేయర్ జాకీ రాబిన్సన్ 1947లోనే, అప్పటిదాకా తెల్లవాళ్ళే ఆడుతున్న పెద్ద లీగ్‌లో, డాడ్జర్స్ టీంలోకి వచ్చేశాడు కదా, అక్కడితో గొడవ తీరిపోయిందనుకుంటాం. ఈ ఊళ్ళో మాత్రం 1950లో రూలు ఇంకా బిగించి, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి పేకాట, చెకర్స్, బేస్‌బాల్ ఏదాడినా నేరం అన్నారు. 1953లో రాబిన్సన్ తన టీంతో ఇక్కడికి వస్తే తెల్ల ప్లేయర్లని పక్కన కూర్చోబెట్టి ఆడాల్సొచ్చింది. 1961 సీజన్ అయ్యాక బారన్స్ ఆడే లీగే మూతపడింది, తర్వాత రెండేళ్ళు బారన్స్ అనే టీమే లేదు, 1964లో గానీ రెండు రంగుల వాళ్ళూ ఉన్న బారన్స్ టీం ఈ గ్రౌండ్‌లో దిగలేదు. ఆటనన్నా వదులుకున్నారు గానీ కలిసి ఆడటానికి ఒప్పుకోలేదన్నమాట. టూర్‌కి వెళ్ళేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి, ఈవెంట్స్ ఉంటే లోపలికి వెళ్ళనివ్వకపోవచ్చు.

తర్వాత కెల్లీ ఇంగ్రామ్ పార్క్. దారికి రెండు పక్కల గోడల్లోంచి కుక్కలు మీదకి దూకుతున్నట్టు లోహపు బొమ్మలు పెట్టారు, మనం వాటి మధ్యలోంచి నడవాలి, పళ్ళు సరిగ్గా నడుం ఎత్తులో ఉంటాయి. 1963లో సమాన హక్కుల కోసం ఊరేగింపు చేస్తున్న పిల్లల మీదకి నిజం కుక్కల్నీ ఫైర్ హోసుల్నీ వదిలించిన, ఊరి పోలీసుల పై అధికారి బుల్ కానర్ రాజకీయాల్లోకి రాకముందు ఏం చేసేవాడో తెలుసా, రేడియోలో బారన్స్ మ్యాచ్‌ల కామెంటరీ! ఊరి బయట మ్యాచ్‌లైతే టెలిగ్రాఫ్‌లో వచ్చే ముక్కల్ని పట్టుకుని కళ్ళముందే జరుగుతున్నట్టు చెప్పేవాడు. అందుకే రిక్‌వుడ్ ముందు చూడమన్నాను, అది చూశాక ఈ పార్క్ ఇంకోలా కనిపిస్తుంది.

రోడ్డు దాటితే 16వ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చ్, 1963 సెప్టెంబర్ 15న బాంబుకి నలుగురు ఆడపిల్లలు చనిపోయింది ఇక్కడే. ఎదురుగా సివిల్ రైట్స్ ఇన్‌స్టిట్యూట్, లోపల మార్టిన్ లూథర్ కింగ్‌ని పెట్టిన జైలు గది తలుపు ఉంది. బావుంది గానీ చదవాల్సింది చాలా ఎక్కువ, చిన్నపిల్లలతో వెళ్తే కష్టం. నడిచి వెళ్ళేంత దూరంలోనే, ఉద్యమం రోజుల్లో కింగ్ వాళ్ళు దిగిన గాస్టన్ మోటెల్. 1963 మేలో దాని మీద బాంబు పడ్డాక రెండ్రోజులకే, అప్పటికి రిటైరైపోయిన రాబిన్సన్ బాక్సర్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. నాకైతే ఇన్‌స్టిట్యూట్ కంటే ఈ మోటెలే ఎక్కువ నచ్చింది.

స్టే సంగతి: డౌన్‌టౌన్‌లో ఒక చైన్ హోటల్ తీసుకున్నాం. రూం నీట్‌గా ఉంది గానీ పార్కింగ్‌కి విడిగా డబ్బులని బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు, చెక్ అవుట్‌లో బిల్లు చూసి బాబాయ్‌కి బీపీ వచ్చినంత పనైంది. కాల్ చేసి అడిగే బుక్ చేసుకోండి. బారన్స్ ఇప్పుడు ఆడే రీజియన్స్ ఫీల్డ్ దగ్గరైతే మేస్ విగ్రహం దాకా నడిచి వెళ్ళొచ్చు. తిండికి, ఒక మాంసం మూడు కూరలు పెట్టే మీట్ అండ్ త్రీ హోటళ్ళు చవక, వెజ్ వాళ్ళు మూడు కూరలు తీసుకుంటే కడుపు నిండుతుంది, కాకపోతే కొల్లార్డ్ ఆకుకూరలో చాలాచోట్ల పంది మాంసం వేసి ఉడికిస్తారు, అడక్కుండా తినొద్దు.

తిరిగొస్తూ ఓపికుంటే అట్లాంటాలో పాత ఫుల్టన్ కౌంటీ స్టేడియం ఉండిన చోట ఆగండి. 1974 ఏప్రిల్ 8న నల్ల ప్లేయర్ హ్యాంక్ ఆరన్ 715వ హోం రన్ (మన సిక్స్ లాంటిది) కొడితే బంతి దాటిన చోట గోడ ముక్క ఒకటి మిగిల్చారు. తెల్ల ప్లేయర్ బేబ్ రూత్ రికార్డు దాటుతున్నాడని ఆయన్ని చంపుతామని ఉత్తరాలు రాసేవాళ్ళు. మేం చూసినప్పుడు చుట్టూ కార్లే, పది నిమిషాలు చాలు, దానికోసమే పనిగట్టుకుని అయితే వెళ్ళక్కర్లేదు.