వేడెక్కే గ్రాఫిక్స్ కార్డుకు ఏది మేలు: పేస్టా, ఫేజ్ ఛేంజ్ షీటా, లిక్విడ్ మెటలా?

మే నెలలో హనుమకొండలోనో గోదావరిఖనిలోనో మేడమీది గదిలో గేమ్ పెడితే కార్డు ఫ్యాన్లు హోరెత్తిపోతాయి. చిప్ వేడిని హీట్‌సింక్‌కు (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కలకు) దాటించే పేస్ట్ ఎండిపోయింది, మార్చాల్సిందే అంటారు అందరూ. అన్నిసార్లూ అది నిజం కాదు. ఫ్యాన్లతో చల్లబడే ఏ కార్డూ గదికంటే చల్లగా ఉండలేదు. గది 25 డిగ్రీల నుంచి 40కి పోతే చిప్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది.

అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కంప్యూటర్‌లోని వేడి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి, గేమ్ నడుస్తుండగా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) టెంపరేచర్, హాట్‌స్పాట్ (ఆ చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) రెండూ చూడండి. వాటి మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలే. రెండూ కలిసి పైకి పోతుంటే ముందు దుమ్ము, గాలి సంగతి చూడాలి. వరంగల్ పత్తి మార్కెట్ ఉన్న ఎనుమాముల వైపు ఉండేవాళ్లయితే పత్తి సీజన్ తర్వాత హీట్‌సింక్ రెక్కల మధ్య పీచు ఏమైనా ఇరుక్కుందేమో చూడండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోవాలి. తేడా 25, 30 డిగ్రీలు దాటిందంటే మాత్రం పేస్ట్ మీద అనుమానపడాల్సిందే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో హాట్‌స్పాట్ రీడింగ్ తీసేశారు కాబట్టి ఆ కార్డులకు ఈ పరీక్ష కుదరదు.

గ్రాఫిక్స్ చిప్ మీద ప్రాసెసర్‌కు ఉన్నట్టు లోహపు మూత ఉండదు, పేస్ట్ నేరుగా సిలికాన్ మీదే ఉంటుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ చిప్, హీట్‌సింక్ కొద్దికొద్దిగా కదులుతూ పల్చటి పేస్టును పక్కలకు నెట్టేస్తాయి. విప్పి చూస్తే అంచుల్లో పేస్ట్ గట్టులా పేరుకుని, మధ్యలో చిప్ అద్దంలా మెరుస్తూ కనిపిస్తుంది. దీన్నే పంప్ అవుట్ అంటారు.

ఎంఎక్స్-4 లాంటి మామూలు పేస్ట్ ఎక్కడైనా దొరుకుతుంది, కరెంటును ప్రసరింపజేయదు, 4 గ్రాముల ట్యూబ్ రెండు మూడు కార్డులకు వస్తుంది. మొదటిసారి విప్పేవాళ్లకు ఇదే సులువు. క్రయోనాట్ అనే పేస్ట్ మొదటి రోజు ఇంకా బాగా చల్లబరుస్తుంది. కానీ ఎండిపోకుండా ఉండే హామీని ఆ కంపెనీయే 80 డిగ్రీల వరకే ఇస్తోంది. మన ఎండల్లో హాట్‌స్పాట్ ఆ గీత దాటడం మామూలే, అందుకే గ్రాఫిక్స్ కార్డుకు నేను దాన్ని చెప్పను.

నా ఓటు ఫేజ్ ఛేంజ్ షీటుకే, అంటే హనీవెల్ పీటీఎం7950కే. గది వేడిలో గట్టిగా ఉండి, దాదాపు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ మీది గరుకును నింపుతుంది, పంప్ అవుట్‌ను బాగా తట్టుకుంటుంది. చిక్కల్లా పెట్టడంలోనే ఉంది. వరంగల్ వేసవిలో గదే 40 డిగ్రీలుంటే షీట్ అప్పటికే జిగటగా ఉంటుంది, దాన్ని కప్పి ఉంచే ప్లాస్టిక్ ఫిల్మ్ తీయబోతే చిరిగిపోతుంది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చిప్ కంటే కొంచెం పెద్దగా కత్తిరించి, రెండు వైపులా ఫిల్మ్ తీసి పెట్టండి. నకిలీలు చాలా ఉన్నాయి కాబట్టి నమ్మకమైన అమ్మకందారు దగ్గరే కొనండి. షాపులో చేయించినా షీట్ మీరే తీసుకెళ్లండి.

లిక్విడ్ మెటల్, అంటే ద్రవంగా ఉండే లోహం, వేడిని అన్నిటికంటే బాగా లాగుతుంది, అయినా వద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా కరెంటును ప్రసరింపజేస్తుంది, చిప్ చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద ఒక్క బొట్టు పడినా కార్డు పోవచ్చు.

ఏది వేసినా మెమరీ ప్యాడ్ల (మెమరీ చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కు దాటించే మెత్తటి ముక్కల) సంగతి మరవొద్దు. 1.5 మిల్లీమీటర్ల ప్యాడ్ ఉన్నచోట 2 మిల్లీమీటర్లది పెడితే హీట్‌సింక్ చిప్‌కు సరిగ్గా ఆనదు, చేసిందంతా వృథా. మందం తెలియకపోతే ఒత్తితే కావలసినంత మందానికి సర్దుకునే ముద్ద, థర్మల్ పుట్టీ, వాడటం మంచిది.

వారంటీ మిగిలి ఉంటే ముందు కంపెనీని అడగండి, స్క్రూ మీద స్టిక్కర్ చిరిగితే ఒప్పుకోనివాళ్లున్నారు. ఈలోపు కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ (కార్డు వాడే కరెంటుకు హద్దు) 80 శాతానికి దించితే ఫ్రేములు కొద్దిగానే తగ్గుతాయి, వేడి మాత్రం బాగా దిగుతుంది.

షీట్ పెట్టాక మొదటి గేమ్‌లో వచ్చిన అంకె చూసి టెన్షన్ పడొద్దు. నాలుగైదుసార్లు బాగా వేడెక్కి చల్లారాకే అది సర్దుకుంటుంది. హాట్‌స్పాట్ తేడా అప్పుడు చూడండి.