ఇనుప డంబెల్స్, కొలత టేపు, మీల్‌మేకర్: ఏడాదిన్నర వాడాక

ఈ డంబెల్స్ సెట్టు కొన్ననాటికి నా బరువు 66 కిలోలు, నడుము 91 సెంటీమీటర్లు. వయసు నలభైకి దగ్గర, ఇద్దరు పిల్లలు, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. మన దేశంలో స్త్రీలకు నడుము 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. ఇప్పుడు బరువు 62, నడుము 83. ఏడాదిన్నర కష్టపడితే నాలుగు కిలోలేనా అని మా బంధువుల్లో పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. వాళ్లు చూసింది కాటా ముల్లు. నేను చూసుకున్నది పాత జాకెట్లు. చేతుల దగ్గర బిగుతయ్యాయి, నడుము దగ్గర వదులయ్యాయి. కొవ్వు పోతూ, ఆ చోటులో కొంత కండ వస్తూ ఉంటే బరువు అలాగే నత్తనడక నడుస్తుంది. వ్యాయామానికి కొత్తవాళ్లకు, ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ ఉన్నవాళ్లకు ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. ఏళ్ల తరబడి బరువులెత్తుతున్నవాళ్లకు ఇంత తేలిగ్గా జరగదు. కొత్తవాళ్లుగా మనకున్న సౌకర్యం ఇదొక్కటే.

ఇక సామాను సంగతి. బజారులో చవకగా దొరికేవి ప్లాస్టిక్ తొడుగులో సిమెంటులాంటి పదార్థం కూరిన ప్లేట్లు. ఐదు కిలోలది చూస్తే అన్నం పళ్లెమంత ఉంటుంది. దాన్ని ఛాతీకి ఆనించుకుని కూర్చుంటే మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కింద పడితే అతుకు దగ్గర నోరు తెరిచి పొడి రాలుస్తుంది. మా తమ్ముడి ఇంట్లో ఆ ముచ్చట చూసే పోత ఇనుపవి కొన్నాను. రెండు చిన్న రాడ్లు, రెండున్నర కిలోల ప్లేట్లు నాలుగు, కిలోంపావువి నాలుగు. కొన్ని నెలలకు ఐదు కిలోలవి మరో నాలుగు. రాడ్డు బరువు నట్లతో కలిపి రెండు కిలోలు. అన్నీ ఎక్కిస్తే ఒక్కో డంబెల్ పందొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లకు ఏడాది పాటు ఇది చాలినంత. మగవాళ్లకు కాళ్ల వ్యాయామాల్లో ఆరు నెలలు తిరక్కుండానే చాలకపోవచ్చు.

ఇనుము తేలిగ్గా అరగదు, విరగదు. కానీ మాది కాకినాడ, సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలవని ఊరు. రాడ్డు మీద మెరిసే పూత మొదటి వర్షాకాలంలోనే చేతిపట్టు దగ్గర పొలుసులుగా లేచింది. పట్టు జారకుండా చెక్కిన గరుకు గీతల మధ్య చెమట ఆరి గోధుమరంగు తుప్పు పేరుకుంటుంది. పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, కొబ్బరినూనె పలచగా పూసి, పొడిగుడ్డతో బాగా తుడిచేస్తే కొన్ని వారాలు నిశ్చింత. నూనె తుడవడం మరిచిపోతే మాత్రం రాడ్డు చేతిలో ఆగదు.

అసలు పేచీ నట్లతో. నక్షత్రం ఆకారంలో ఉండే ఈ నట్టు లోపల సన్నటి రబ్బరు వలయం ఉంటుంది. ముందుకు వంగి డంబెల్‌ను పొట్టవైపు లాగే వ్యాయామంలో పదోసారి వచ్చేసరికి నట్టు పావు చుట్టు వదులవుతుంది. ముందు ప్లేట్లు ఒకదానికొకటి తగిలి టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడు వినపడగానే దించి బిగించుకోవాలి. బరువును తల మీదుగా ఎత్తే వ్యాయామాల్లోనైతే మొదలుపెట్టే ముందే రెండువైపులా బిగించి చూసుకోవాలి. నా నట్లలో రబ్బరు వలయాలు ఆరు నెలలకే నలిగి ఊడిపోయాయి. సైకిలు ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి తొడిగాను, కంపెనీవాడు ఇచ్చినదానికన్నా గట్టిగా పట్టింది.

ఇంకో లోపం కొనేముందు ఎవరికీ తట్టదు. ప్లేట్లలో అతి చిన్నది కిలోంపావు. చెరోవైపు ఒకటి వేస్తే ఒక్కో డంబెల్‌కు రెండున్నర కిలోలు పెరిగినట్టు. కాళ్లకు అది లెక్కలోది కాదు. భుజాల మీదుగా పైకి నెట్టే వ్యాయామంలో ఏడు కిలోల నుంచి తొమ్మిదిన్నరకు దూకడం మాత్రం గోడ ఎక్కడమే. అదే బరువుతో ఎనిమిది సార్ల నుంచి పదిహేను సార్ల దాకా పెంచుకుంటూ పోయి, ఆ తర్వాత దూకాను. అరకిలో ప్లేట్లు విడిగా అమ్మే దుకాణం దగ్గర్లో ఉంటే కొనేటప్పుడే నాలుగు అడిగి తీసుకోండి.

చేసిన వ్యాయామాలు అరడజను లోపే. డంబెల్‌ను ఛాతీకి ఆనించుకుని బస్కీలు, రెండు చేతుల్లో బరువు పట్టుకుని నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం, ముందుకు వంగి లాగడం, భుజాల మీదుగా నెట్టడం, మోకాళ్లు ఆనించి దండీలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ముప్పావుగంట. పొట్టకంటూ ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. పడుకుని, పొట్ట కండరాలు నొప్పెట్టేలా ఎన్నిసార్లు పైకి లేచినా ఆ పైనున్న కొవ్వు అక్కడి నుంచే కరగదు. ఒంట్లో ఎక్కడి నుంచి ముందు తీయాలో శరీరమే తేల్చుకుంటుంది. నాకు ముందు ముఖం, తర్వాత చేతులు తగ్గాయి. పొట్ట ఆఖరున కదిలింది. మా ఆడపడుచు ప్రేమగా తెచ్చిచ్చిన చెమట బెల్టు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది కట్టుకుంటే నీళ్లు పోతాయి, మంచినీళ్లు తాగితే తిరిగి వస్తాయి. అంతకుమించి దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

మొదటి రెండు నెలల్లో బరువులు చకచకా పెరుగుతాయి. అదంతా కొత్త కండ కాదు, ఉన్న కండను వాడుకోవడం నరాలు నేర్చుకుంటున్నాయంతే. అప్పుడే కాటా మీద కిలో, కిలోన్నర పెరిగినా కంగారుపడకండి, కష్టపడిన కండరాలు నీళ్లు పట్టి ఉంచుకుంటాయి. చాలామంది సరిగ్గా ఆ వారంలోనే సెట్టును మంచం కిందికి తోసేస్తారు.

మా అత్తయ్య భయం వేరే. "ఇద్దరు పిల్లల తల్లివి, ఇంతింత బరువులెత్తితే గర్భసంచి జారిపోతుంది అమ్మాయీ" అన్నారు. "మీరు ఊరి బావి నుంచి రెండేసి బిందెలు మోసేవారటగా అత్తయ్యా" అన్నాను. "అది పని, ఇది కొవ్వెక్కిన ఆట" అని తేల్చేశారు. ఆవిడ తృప్తి కోసం కాదు గానీ, రెండు సిజేరియన్ల ఒళ్లు కాబట్టి మొదలుపెట్టే ముందు డాక్టరమ్మను అడిగాను. ఊపిరి బిగబట్టవద్దని, ఎత్తేటప్పుడు వదలమని, కింద బరువుగా లాగినట్టు అనిపించినా, మూత్రం చుక్కలుగా పడినా ఆపి రమ్మని చెప్పారు. ఆ అవసరం రాలేదు. ఇప్పుడు నిండు గ్యాసు బండను బాల్కనీ నుంచి వంటింట్లోకి నేనే తెస్తున్నాను. పాలు విరగ్గొట్టి పనీర్ చేసినప్పుడు గుడ్డమూట మీద పెట్టడానికి అత్తయ్య నా రెండున్నర కిలోల ప్లేటు పట్టుకెళ్తారు, ఆటవస్తువే అయినా.

కొలిచే సామానులో ఒళ్లంతా కొవ్వు శాతం చెప్పే కాటా ఒకటి ఉంది. పాదాల గుండా సన్నటి కరెంటు పంపి ఒంట్లో నీటిని బట్టి అంచనా వేస్తుంది. కాబట్టి తాగిన నీళ్లు, వేళ, చివరికి పాదాల తడి కూడా అంకెను మార్చేస్తాయి. పొద్దున్న ఒక అంకె, సాయంత్రం రెండు శాతం తేడాతో ఇంకో అంకె. దాన్ని మామూలు కాటాగానే వాడుతున్నాను. కుట్టుపనివాళ్ల టేపు దీనికన్నా వెయ్యి రెట్లు నమ్మకస్థురాలు. ఉదయం పరగడుపున, ఊపిరి మామూలుగా వదిలాక, బొడ్డు దగ్గర, బిగించకుండా. వారానికోసారి చాలు. నెలసరి ముందు రోజుల అంకెలు పక్కన పెట్టాలి, ఆ వారం పొట్ట ఉబ్బరంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే కంచానికి వస్తాను. వ్యాయామం నెలలో అలవాటైపోయింది, తిండి సరిదిద్దడానికి ఏడాది పట్టింది. మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం పప్పుచారు, రాత్రి అన్నం కూర పెరుగు. ఇలా రోజంతా కడుపునిండా తిన్నా మాంసకృత్తులు నలభై అయిదు గ్రాములకు మించేవి కావు. మామూలు ఆరోగ్యవంతులకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలన్నది మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు. కండ పెంచాలనుకుంటే సుమారు 1.6 గ్రాములు కావాలని వ్యాయామ పరిశోధకుల మాట. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన ప్రయోగంలో నలభై మంది యువకులకు నాలుగు వారాలు తిండి బాగా తగ్గించి కఠినంగా వ్యాయామం చేయించారు. కిలోకు 2.4 గ్రాములు తిన్నవారికి 4.8 కిలోల కొవ్వు పోయి 1.2 కిలోల కొవ్వేతర బరువు పెరిగింది. 1.2 గ్రాములు తిన్నవారికి 3.5 కిలోల కొవ్వు పోయింది, పెరిగింది దాదాపు సున్నా. వాళ్లు కుర్రవాళ్లు, వారానికి ఆరు రోజులు చెమటోడ్చినవాళ్లు. మన ఇంట్లో నాలుగు వారాల్లో అలా జరగదు, దిశ మాత్రం అదే.

నా లెక్క రోజుకు వంద గ్రాములు. పొద్దున్న అరవై గ్రాముల పెసలతో పెసరట్టు, అందులో పధ్నాలుగు. రెండు గుడ్లు, మరో రెండు తెల్లసొనలు కలిపి పందొమ్మిది. మధ్యాహ్నం నూటయాభై గ్రాముల కోడి రొమ్ము మాంసంలో ముప్పై మూడు, కప్పు పప్పులో ఏడు, పెరుగులో ఏడు. ఇక్కడికి ఎనభై. మిగిలిన ఇరవైకి మీల్‌మేకర్, నలభై గ్రాములు. ఎండు మీల్‌మేకర్‌లో సగానికి సగం మాంసకృత్తులే, ధర చూస్తే ఇంత చవకైనది మరొకటి లేదు. వేడి ఉప్పునీళ్లలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, అల్లం వెల్లుల్లి, మిరియాలపొడితో వేయిస్తే పిల్లలు కూడా తింటారు. పిండకుండా వేస్తే ఆ పచ్చివాసనకు ఎవరూ దగ్గరికి రారు. శనివారాలు మాంసం ఉండదు కాబట్టి ఆ రోజు దీని వాటా రెట్టింపు. వేరుశనగలను మాంసకృత్తుల ఖాతాలో వేసుకునేవాళ్లకు ఒక మాట: వంద గ్రాముల్లో పాతిక గ్రాములు ఉన్న మాట నిజమే, దాంతోపాటు ఐదొందల అరవై కేలరీలూ ఉంటాయి.

వే ప్రొటీన్ డబ్బా, అంటే పాల విరుగుడు నీటి నుంచి తీసే మాంసకృత్తుల పొడి, ఒకటి కొని వాడాను. గరిటెడు పొడికి ఇరవై నాలుగు గ్రాములు వస్తాయి, ఆఫీసు హడావిడిలో పనికొస్తుంది. అంతకు మించిన మహిమ ఏమీ లేదు. 2024 మార్గదర్శకాల్లో జాతీయ పోషకాహార సంస్థ అయితే ఇలాంటి పొడులు వద్దనే చెప్పింది. డబ్బా అయిపోయాక నేను మళ్లీ కొనలేదు, ఆ డబ్బుకు గుడ్లు వస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు పొడి మాట అటుంచి, నా వంద గ్రాముల లెక్కను కూడా వైద్యులను అడగకుండా పాటించకూడదు.

వంటింటి త్రాసు గురించి రెండు ముక్కలు. దానివల్ల తెలిసింది అన్నం గురించి కాదు, నూనె గురించి. అన్నం సగానికి తగ్గించి నూటయాభై గ్రాములకు వచ్చినా టేపు కదలలేదు. మూకుడులోకి సీసా వంచే అలవాటు మాని చెంచాతో పోయడం మొదలుపెట్టాక కదిలింది. పెద్ద చెంచాడు నూనె దాదాపు 120 కేలరీలు. తిరగమోతకు ఒకటి, వేపుడుకు మూడు, అట్లకు రెండు, ఇలా నలుగురి వంటలో ఎటు పోతుందో తెలియకుండా పోయేది. రోజుకు మూడొందల కేలరీలు తగ్గిస్తే చాలు. అంతకన్నా ఎక్కువ తగ్గించిన వారాల్లో బరువులు పైకి లేవలేదు, నిద్రా పట్టలేదు.

ఈ సెట్టుతో వీపు పైభాగానికి సరైన పని దొరకదు. దానికి వేలాడి లేచే కడ్డీయో, పైనుంచి లాగే యంత్రమో కావాలి. మేడ మీద ఉండేవాళ్లు రబ్బరు చాప కూడా కొనుక్కోవాలి, కింది వాటా వాళ్లతో మాటలు సాగాలంటే. అయిదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన మార్కు నట్లదే.