డెంటల్ క్లినిక్ అపాయింట్‌మెంట్లకు ఎస్సెమ్మెస్ జవాబులు: మూడేళ్లు వాడాక

కూకట్‌పల్లిలో రెండు కుర్చీల డెంటల్ క్లినిక్. ముందురోజు సాయంత్రం 6 గంటలకు పేషెంట్‌కి మెసేజ్ వెళ్తుంది, వచ్చే జవాబును బట్టి బుకింగ్ ఖాయమో రద్దో అవుతుంది. పంపడం తేలికే. వచ్చిన జవాబును సరిగ్గా చదవడం దగ్గరే ఇలాంటి సర్వీసులు తడబడతాయి.

మెసేజ్ ఆరక్షరాల హెడర్‌తో (పంపినవారి పేరుగా కనిపించేది) చేరుతుంది, దానికి తిరిగి జవాబు పంపడం కుదరదు. జవాబుల కోసం పది అంకెల నంబరు విడిగా తీసుకుని, మెసేజ్‌లోనే రాయాలి. హెడర్‌నీ, టెంప్లేట్‌నీ (మెసేజ్ నమూనా) డీఎల్‌టీలో, అంటే వ్యాపార మెసేజ్‌ల కోసం టెలికాం ఆపరేటర్లు నడిపే నమోదు వ్యవస్థలో, ముందే రిజిస్టర్ చేయించాలి. పేరు, తేదీ, టైము లాంటి మారే ఖాళీలు తప్ప ఆమోదించిన వాక్యంలో ఒక్క మాట తేడా వచ్చినా మెసేజ్ ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది.

తెలుగులో ఒక మెసేజ్‌కి 70 క్యారెక్టర్లే, ఇంగ్లిష్‌లో అయితే 160. గుడి, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి: 'క్లినిక్' ఒక్కటే 8. 70 దాటితే ముక్కకి 67 చొప్పున లెక్క, రెండు మెసేజ్‌ల డబ్బు. అయినా పెద్దవాళ్లు చదివి జవాబిచ్చేది తెలుగుకే. రెండు ముక్కల్లో, అంటే 134లో ఇమిడేలా రాసుకుంటే చాలు.

మొదట్లో పెట్టిన 'వస్తే 1, రాకపోతే 2' పెద్ద పొరపాటు. టైము మార్చమనేవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకని '1' పంపితే, పాత టైమే ఖాయమైపోయేది. గంటలుగా పొరబడే వీల్లేని అంకెలు పెట్టాలి: వస్తే 55, రాకపోతే 99. కీప్యాడ్ ఫోన్‌లోనూ ఇబ్బంది ఉండదు.

మాటల్లో వచ్చే జవాబుల్ని సిస్టమ్‌కి అస్సలు వదలకూడదు. రాత్రి 12 దాటాక 'రేపు వస్తా' అంటే ఏ రోజు? మన ఊళ్లో ఉర్దూ 'కల్' కూడా వస్తుంది, అది నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. వాన సాయంత్రం జేఎన్‌టీయూ దగ్గర ఇరుక్కున్నవాళ్లు 'దారిలో ఉన్నా' అని పెడతారు. 55, 99 కానిదేదైనా నేరుగా రిసెప్షన్ ఫోన్‌కి వెళ్లాలి.

తల్లికీ బిడ్డకీ ఒకే నంబరుంటే ఒక్క 99తో ఇద్దరివీ పోతాయి. అలాంటి నంబర్లకు మెసేజ్ వద్దు, ఫోనే చేయాలి.

జవాబు రాలేదని రద్దు చేయడం అన్యాయం. కొన్ని రీచార్జ్ ప్యాకుల్లో ఎస్సెమ్మెస్‌లే ఉండవు. అందుకే 'వస్తున్నా' అనడానికి ఒక మిస్డ్ కాల్ నంబరు కూడా ఇస్తే మంచిది. అదీ రాకపోతే పొద్దున 10కి రిసెప్షన్ నుంచి ఫోన్.

రద్దయిన టైమును వెయిటింగ్ లిస్టులో ఐదుగురికి ఒకేసారి పంపితే, ఐదుగురూ 55 కొట్టి వచ్చేస్తారు. ఒకరికి పంపి 20 నిమిషాలు ఆగాలి, ఆ తర్వాతే రెండోవారికి.