నలుపు రాని ప్రొజెక్టర్

క్రికెట్ మ్యాచ్‌లకి, పిల్లల కార్టూన్లకి, కొత్త సినిమా పాటలకి చిన్న ప్రొజెక్టర్ కావాలనుకునేవాళ్లు కింద రాసిందంతా చదవక్కర్లేదు. కొనుక్కోండి, ఆరు వేలకి బాగానే ఉంది. ఈ రివ్యూ నాలాంటి పిచ్చి ఉన్నవాళ్లకి. నా పిచ్చి పెద్ద బంగ్లాల్లో జరిగే పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలు. ఊరికి దూరంగా పెద్ద ఇల్లు, పొడవాటి మెట్లు, ఎప్పుడూ మూసి ఉండే గది ఒకటి, ఆ ఇంట్లోకి కొత్తగా అడుగుపెట్టిన అమ్మాయి, ఎవరూ నోరు విప్పని ఒక చావు. ఇంగ్లీషులో గోతిక్ మిస్టరీ అంటారు, మా ఇంట్లో మాత్రం 'చీకటి సినిమాలు' అనే పేరు పడిపోయింది.

కడపలో మే నెల రాత్రి ఇంట్లో కూర్చోలేం కాబట్టి మిద్దె మీద దుప్పటి కట్టి చూద్దామని ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా మీద 'ఫోర్ కే సపోర్ట్' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. నమ్మొద్దు. ఫోర్ కే ఫైలు ఇస్తే తీసుకుంటుంది అని మాత్రమే దాని అర్థం, గోడ మీద పడే బొమ్మ 720పీ, అంటే ఫోర్ కే కన్నా చాలా తక్కువ స్పష్టత. నా డీవీడీలకి అదే ఎక్కువ కాబట్టి దాని గురించి నాకు గొడవ లేదు. నా గొడవంతా నలుపుతో.

మొదటి రాత్రి 'రెబెక్కా' వేశాను. 1940లో హిచ్‌కాక్ తీసింది, ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది, దానికి కెమెరా పనిచేసిన జార్జ్ బార్న్స్‌కీ ఆస్కార్ వచ్చింది. భార్య చనిపోయిన పెద్దింటాయన ఒక పేద పిల్లని రెండో పెళ్లి చేసుకుని మాండర్లీ అనే బంగ్లాకి తీసుకొస్తాడు. ఇంట్లో ప్రతి వస్తువు మీదా మొదటి భార్య పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. ఆ ఇంటి పెత్తనమంతా మిసెస్ డాన్వర్స్ చేతిలో ఉంటుంది, ఆమె వేసుకునేది నల్ల గౌను. ఆవిడ నడిచి రావడం మనకి దాదాపు కనిపించదు, ఆ పిల్ల తల తిప్పేసరికి పక్కనే నిలబడి ఉంటుంది. హిచ్‌కాక్ కావాలనే అలా తీశానని తర్వాత చెప్పాడు కూడా. నల్ల గౌను, చీకటి గుమ్మం, అందులోంచి ముఖం ఒక్కటే తేలి రావాలి. మా దుప్పటి మీద ఏమైందంటే గుమ్మమంతా బూడిద రంగులో వెలుగుతోంది, అందులో డాన్వర్స్ ముందునుంచే, రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు తీరిగ్గా నిలబడి కనిపించింది. భయం ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి కారణం ఉంది. ఈ ధర ఎల్‌సీడీ ప్రొజెక్టర్లలో లోపలి లైటు ఎప్పుడూ పూర్తిగా వెలుగుతూనే ఉంటుంది, చీకటి కావాల్సిన చోట ముందున్న పలక ఆ వెలుతురుని ఆపాలి, అది పూర్తిగా ఆపలేదు, కొంత కారుతుంది. అసలు ఏ ప్రొజెక్టరైనా వెలుగుని వేస్తుంది గానీ చీకటిని వెయ్యలేదు కదా, మనం చూసే నలుపు ఆ గదిలో ముందే ఉన్న చీకటే. మిద్దె మీద వీధిలైటు, పక్కింటి మెట్ల లైటు, పైన ఆకాశం, అన్నీ కలిసి దుప్పటిని ముందే తెల్లగా ఉంచుతున్నాయి. రాష్ట్రమంతా ఇళ్లల్లో అలమరాలకీ వంటగట్లకీ నల్ల బండ పంపే ఊరు మాది, ఆరు వేలు పెట్టి గోడ మీద చారెడు నలుపు తెచ్చుకోలేకపోయాను.

అయినా ఆ రాత్రి సినిమా ఆపలేదు, మా అవ్వ వల్ల. ఆమెకి ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని కథ చెబుతున్నాను. పావుగంటలో నా అవసరం లేకుండా పోయింది. కొత్త కోడలు, పాత పెత్తనం, చచ్చిపోయినామె బీరువా, ఇందులో అవ్వకి తెలియనిది ఏముంది! మధ్యలో "ఆ పిల్ల పేరేందిరా?" అని అడిగింది. లేదవ్వా, సినిమా మొత్తంలో ఆమెకి పేరే చెప్పరు అన్నాను. "మరి చచ్చిపోయినామెను యాడా చూపియ్యరేమి?" అంది కాసేపాగి. చూపించరు, చివరిదాకా రెబెక్కా తెర మీదికి రాదు. బతికున్నదానికి పేరు లేదు, పేరున్నదానికి ముఖం లేదు. ఈ సినిమాని నేను ఆరేడు సార్లు చూశాను గానీ ఆ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టుకున్నది ఆ రోజే.

రెండో పరీక్ష 'ది ఇన్నోసెంట్స్', 1961. ప్రొజెక్టర్ కొనేముందు ఎవరైనా దీని మొదటి నిమిషం వేసి చూపించమని అడగాలి. తెర మొత్తం నల్లగా ఉండి చిన్నపిల్ల గొంతులో పాట ఒక్కటే వినిపిస్తుంది. మా దగ్గర ఏం వినిపించిందంటే ప్రొజెక్టర్ ఫ్యాను హోరు, దాని వెనక ఎక్కడో పాట. తెర మీద పెద్ద బూడిద చదరం వెలుగుతూ ఉంది. మా బావ లేచి వైరు సరిచేయబోయాడు. కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఈ సినిమా కోసం ఫిల్టర్ల అంచులకి చేత్తో రంగు పూసుకుని, వెడల్పాటి ఫ్రేములో రెండు పక్కలా చీకటి కమ్మేలా చేశాడు. కొవ్వొత్తి పట్టుకుని వరండాలో నడిచే హీరోయిన్ డెబోరా కెర్ చుట్టూ ఏముందో మనకి తెలియకూడదు. మాకు అంతా తెలిసిపోయింది. లోపలి స్పీకరు గురించి ఒక్క మాట చాలు, బయటి స్పీకరు పెట్టుకోండి.

రిటర్న్ పెట్టడానికి ఏడు రోజులు గడువు. నాలుగో రోజు పట్టుదల వచ్చి సామాను మొత్తం కింద పడసాలలోకి దించాను. కిటికీలకి దుప్పట్లు కట్టాను, ఉక్కతో చచ్చాం గానీ సగం నలుపు అక్కడే దొరికింది. తర్వాత సెట్టింగులు. వచ్చినప్పుడు 'వివిడ్'లో ఉంటుంది, దాన్ని 'సినిమా'కి మార్చాలి, బ్రైట్‌నెస్ నలభైకి దించాలి, రంగు 'కూల్' నుంచి 'వార్మ్'కి తేవాలి, లేకపోతే తెలుపు నీలంగా కొట్టి అందరూ జ్వరం వచ్చినవాళ్లలా ఉంటారు. పాత సినిమాల్లో ఎక్కువ భాగం దాదాపు చదరంగా ఉండే ఫ్రేములో తీసినవి, ఇది వాటిని తనంతట తాను అడ్డంగా సాగదీస్తుంది, హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ బుగ్గలు చూసి మీకే అనుమానం రావాలి. ఫోర్ ఈస్టు త్రీ అని ఉంటుంది, అది పెట్టండి.

అన్నిటికన్నా పనిచేసింది తెర మార్చడం. తెల్ల దుప్పటి తీసేసి బూడిద రంగు గుడ్డ కట్టాను, స్కూలు యూనిఫాం ప్యాంట్లకి వాడతారే, అది. పన్నా చాలక రెండు ముక్కలు కలిపి కుట్టించాను. కారే వెలుతురుని బూడిద గుడ్డ కొంత మింగేస్తుంది, నలుపు నలుపుకి దగ్గరగా వస్తుంది, తెలుపు కొంచెం డల్ అవుతుంది, చీకటి గదిలో అది పెద్దగా తెలియదు. కుట్టు మాత్రం సరిగ్గా మధ్యలో పడింది. దర్జీ తప్పు కాదు, నేనే అడ్డంగా కుట్టించుకుని ఉండాల్సింది.

ఆ గుడ్డ మీద మొదట వేసింది 'గ్యాస్‌లైట్', 1944ది. మొగుడు భార్యకి పిచ్చి ఉందని ఆమెనే నమ్మించే కథ. ఇవాళ అందరూ వాడే 'గ్యాస్‌లైటింగ్' అనే మాట ఈ కథ పేరు నుంచే పుట్టింది. రోజూ రాత్రి మొగుడు బయటికి వెళ్లాక ఆమె గదిలో గ్యాసు దీపం తగ్గిపోతుంది, అది తన భ్రమేమో అని ఆమెకి భయం. ఈసారి దీపం తగ్గినప్పుడు బెర్గ్‌మన్ ముఖం మీద వెలుతురు కొద్దికొద్దిగా దిగడం, వెనక గోడ చీకట్లోకి వెళ్లడం స్పష్టంగా కనిపించింది. "యాడో ఇంకో దీపం ఎలిగిచ్చినారు, అందుకే ఇది తగ్గె," అంది అవ్వ. పక్కింటోళ్లు బోరు మోటారు వేస్తే మా ఇంట్లో బల్బు డిమ్ అవడం నలభై ఏళ్లుగా చూసిన మనిషి! ఆ ఇంట్లో డిటెక్టివ్ వచ్చి తేల్చాల్సిన సంగతిని మంచం మీద కూర్చుని తేల్చేసింది.

న్యాయంగా ఒకటి చెప్పాలి. దీనికి నలుపు రాదు గానీ నలుపుకీ తెలుపుకీ మధ్యలో ఉండే ఛాయలు బాగా వస్తాయి. 'మాయాబజార్'లో 'లాహిరి లాహిరి'కి కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల ఉందే, అది ఈ గుడ్డ మీద చాలా బాగుంది. మంచు, పొగ, వెన్నెల సినిమాలైతే ఇది చాలు.

అందుకే 'కోహ్రా' కూడా నిలబడింది. పేరే పొగమంచు. 'రెబెక్కా'నే హిందీలో 1964లో తీశారు, వహీదా రెహమాన్ కొత్త పెళ్లికూతురు. వహీదాని చూడగానే "ఏరువాకా సాగారో పిల్ల కదూ!" అని అవ్వ లేచి కూర్చుంది. డాన్వర్స్ స్థానంలో లలితా పవార్ తెర మీదికి వచ్చేసరికి, టీవీ రామాయణం గుర్తొచ్చి, "అయ్యో, మంథర దీనింట్లో యాడినుంచి దిగింది," అని కాళ్లు ముడుచుకుంది. మన తెలుగులోనూ జగ్గయ్య, జయలలిత చేసిన 'ఆమె ఎవరు?' ఉంది గానీ, నాకు దొరికిన కాపీ ఎంత అరిగిపోయిందంటే దాన్ని బట్టి ప్రొజెక్టర్‌కి మార్కులు వేయడం అన్యాయం.

రిటర్న్ పెట్టలేదు. అయిదుకి మూడు స్టార్లు, అందులో ఒకటి ప్యాంటు గుడ్డది. పవర్ వైరు మూర కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది అంతే, మిద్దె మీద పెట్టాలనుకుంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ విడిగా కొనుక్కోండి.