చప్పుడు విన్న తర్వాతే పానా పట్టే మూసాపేట మేస్త్రి

2010 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ కారును రెండేళ్ల క్రితం మూడో యజమానిగా కొన్నాను. లక్ష కిలోమీటర్లు దాటిన ఆ బండిలో ఈ వేసవి నుంచి మూడు రకాల చప్పుళ్లు మొదలయ్యాయి. గతుకుల రోడ్డు మీద ముందు ఎడమ వైపు టకటకమని కొట్టుకునే శబ్దం, 60 కిలోమీటర్ల వేగం దాటితే అడుగు నుంచి ఎడతెగని హోరు, ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడు అర నిమిషం పాటు కీచుమనే కూత వినిపించేవి. మొదట చూపించిన ఒక పెద్ద వర్క్‌షాపులో బండిని లిఫ్టు మీదికి ఎత్తారే తప్ప రోడ్డు మీద ఒక్క మీటరు కూడా నడపలేదు. అయినా ముందు సస్పెన్షన్ మొత్తం మార్చాలని 24,000 రూపాయల అంచనా చేతిలో పెట్టారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిత్రుడి మాట మీద హైదరాబాద్‌లోని మూసాపేట మెట్రో స్టేషను దగ్గరి వీధిలో ఉన్న ఈ చిన్న గ్యారేజీకి వెళ్లాను.

మేస్త్రి గారు బానెట్ ఎత్తలేదు. ‘‘సార్, ముందుగాల సప్పుడు నా చెవికి ఇనబడాలె. గప్పటిదాకా పానా పట్ట’’ అని పక్క సీట్లో కూర్చుని, బండి నన్నే నడపమన్నారు. రోజూ నడిపే వాడి చేతిలోనే రోజూ వచ్చే చప్పుడు వస్తుందని ఆయన నమ్మకం. స్పీడ్ బ్రేకరు మీదుగా రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిదానంగా పోనిమ్మన్నారు. దాదాపు ఏ శబ్దమూ రాలేదు. తర్వాత ఎడమ చక్రం ఒక్కటే గుంతలో దిగేలా నడపమన్నారు. వెంటనే టకటక మొదలైంది. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే బార్) మెలి తిరగదు కాబట్టి దాన్ని పట్టి ఉంచే లింక్ రాడ్ల మీద బరువు పడదనీ, ఒక చక్రమే లేచినప్పుడు ఆ బరువంతా వాటి మీదికే వస్తుందనీ ఆయన నాకు చేతులతో చూపిస్తూ వివరించారు. అంతటితో సరిపెట్టకుండా, గ్యారేజీకి వచ్చాక రెండు లింక్ రాడ్లనూ తాత్కాలికంగా విప్పి, అదే వీధిలో నడక వేగంతో తిప్పించారు. శబ్దం పూర్తిగా పోయింది. షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్‌లు బాగానే ఉన్నాయని ఆ తర్వాతే చెప్పారు. సస్పెన్షన్ మొత్తం మార్చాలన్న అంచనా నిజానికి ఈ రెండు కడ్డీల దగ్గర ఆగిపోయింది.

హోరు సంగతి తేల్చడానికి మర్నాడు పొద్దున 6 గంటలకు, రద్దీ లేని వేళ, ముంబయి హైవే మీదికి తీసుకువెళ్లారు. ఫ్లైఓవర్లు ఎక్కవద్దన్నారు, అతుకుల మీద టైర్లు చేసే చప్పుడు మనం వెతికే శబ్దంలో కలిసిపోతుందట. 70లో వెళుతుండగా గేరును న్యూట్రల్ చేయించారు. ఇంజిన్ వేగం తగ్గినా హోరు తగ్గలేదు, కాబట్టి మూలం చక్రాల దగ్గరే ఉంది. ఖాళీ రోడ్డు మీద కొద్దిగా కుడికి తిప్పినప్పుడు హోరు పెరిగింది, ఎడమకు తిప్పినప్పుడు తగ్గింది. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి ఆయన అనుమానం ఎడమ చక్రం బేరింగ్ మీదికి మళ్లింది. అయినా తొందరపడలేదు. టైరు హెచ్చుతగ్గులుగా అరిగినా ఇలాంటి హోరే వస్తుందని ముందు టైర్లను వెనక్కి, వెనక టైర్లను ముందుకు మార్చి మళ్లీ నడిపించారు. శబ్దం జాగా మారలేదు. ఆఖరున చక్రాన్ని జాకీ మీద ఎత్తి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేతిని కాయిల్ స్ప్రింగు మీద ఉంచమన్నారు. సన్నని గరగర నా అరచేతికే తెలిసింది. నాకు ఈ గ్యారేజీ మీద గౌరవం కలిగింది సరిగ్గా అప్పుడే.

కూత కోసం బండిని రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు, ఎందుకంటే అది చల్లారిన ఇంజిన్ మీదే వస్తుంది. తిరుగుతున్న బెల్టు మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే కూత పెరిగింది. అంటే బెల్టు వదులై జారుతోందని అర్థం. పాత బెల్టు నిగనిగలాడేంతగా అరిగిపోయి ఉండటంతో కొత్తది వేశారు. ఈ ఇంజిన్‌లో టైమింగ్‌కు, అంటే వాల్వులను సరైన సమయానికి నడపడానికి, బెల్టు కాక చైను ఉంటుంది కాబట్టి ఇది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు వైపు బెల్టేనని, కంగారు పడవలసిన పని లేదని కూడా చెప్పారు.

లింక్ రాడ్లకు 2,600, బేరింగుకు 3,100, బెల్టుకు 900 కలిపి మొత్తం 6,600 రూపాయలయింది. విడిభాగాలు రాణిగంజ్‌లో నేనే కొని తెచ్చాను. బేరింగును ప్రెస్‌తో ఎక్కించడానికి బాలానగర్ లేత్ షాపుకు పంపారు, అందువల్ల ఒక రోజు ఎక్కువ పట్టింది. తీసిన పాత భాగాలన్నీ నా ముందే పెట్టారు.

లోపాలు లేవని అనను. కూర్చునే చోటు లేదు, ఫోను ఎత్తడం అరుదు, బిల్లు తెల్ల కాగితం మీద రాస్తారు. బండి కంప్యూటరులోని లోపాలు చదివే స్కానర్ కూడా లేదు కాబట్టి చెక్ ఇంజిన్ లైటు వెలిగిన బండిని ఇక్కడికి తీసుకురావడం వృథా. స్టీరింగును నిలబడిన చోటే పూర్తిగా తిప్పితే వచ్చే కిర్రుమనే శబ్దాన్ని మొదటి సారి ఆయన పట్టుకోలేదు. నేను వారం తర్వాత తిరిగి వెళ్తే తన పొరపాటు ఒప్పుకుని, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగం) పైన ఉండే మౌంట్ బేరింగ్ ఎండిపోయిందని చూపించారు. ఇప్పుడే మార్చే అవసరం లేదని, శబ్దం పెరిగినా స్టీరింగు బరువెక్కినా రమ్మని చెప్పి, ఆ రోజు చూసినందుకు డబ్బు తీసుకోలేదు. వెళ్లదలచిన వారు చప్పుడు ఏ వేగంలో, ఏ మలుపులో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా వస్తుందో రెండు మూడు రోజులు గమనించి రాసుకుని వెళ్లండి. ఆయన మొదట అడిగేది అదే.